పటం ఎక్కడ పెడితే మేలు?

జనగామ దగ్గర ఒక ఊళ్లో, పద్మశాలీల వాకిట్లో, వాళ్ల కులపురాణం పాడే కూనపులి కథకులు మార్కండేయ పురాణం పటం, అంటే కథను బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ చుట్ట, విప్పుతుంటే ఫోన్‌లో వీడియో తీశాను. ఎర్రటి గుడ్డ మీద వరుస కింద వరుసగా బొమ్మలు. కట్టె ఏ బొమ్మ మీద ఆగితే పాట అక్కడికి వస్తుంది. చుట్టీ విప్పీ అంచులు నల్లబడ్డాయి. "చినిగితే ఏటి నీళ్లల్ల కలుపుతం బిడ్డా" అన్నాడు పెద్దాయన. అప్పట్నుంచీ ఆ వీడియో నెట్‌లో ఎక్కడ పెట్టాలన్నదే నా ఆలోచన.

ప్రభుత్వ పోర్టల్ ఒక దారి. కేంద్ర సాంస్కృతిక శాఖ 2019లో తెచ్చిన ఇండియన్ కల్చర్ పోర్టల్‌లో మ్యూజియాలు, ఆర్కైవ్‌లు, గ్రంథాలయాల సొత్తు ఒకచోట దొరుకుతుంది. సర్కారు ముద్ర ఉంటే కళకు విలువ పెరుగుతుంది, నిజమే. కానీ తన పటం కింద ఏం రాయాలో చెప్పే చోటు కథకుడికి అక్కడ దొరకదు.

వికీపీడియాకు బొమ్మలు, వీడియోలు అందించే వికీమీడియా కామన్స్‌లో ఎవరైనా ఎక్కించొచ్చు, వివరం తెలుగులోనే రాయొచ్చు. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాల ఫొటోలకైతే రెండో మాట లేదు, కామన్సే మేలు. అయితే అక్కడి లైసెన్సు ప్రకారం ఎవరైనా వ్యాపారానికీ వాడుకోవచ్చు, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఎనిమిది వందల ఏళ్ల రాతికి దానివల్ల పోయేదేం లేదు. ఆ పాట మీదే బతికే ఇంటికి మాత్రం అది చిన్న సంగతి కాదు.

నాకు నచ్చింది యూరప్ పద్ధతి. 2008లో మొదలైన యూరోపియానా, అంటే యూరప్ మ్యూజియాలు, గ్రంథాలయాల సొత్తును ఒకచోట చూపే పోర్టల్, అసలు ఫైళ్లు తన దగ్గర పెట్టుకోదు. అవి ఆయా మ్యూజియాల్లోనే ఉంటాయి. యూరోపియానాలో వివరాలు, లింకు, ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే హక్కుల మాట కనిపిస్తాయి. అలాగే వరంగల్‌లో ఏ కాలేజీయో గ్రంథాలయమో ఫైళ్లు దాచి, పెద్ద పోర్టల్‌కు లింకు ఇస్తే, కథకుడు వద్దన్న రోజు పాట దించేయొచ్చు. సర్వర్ ఖర్చు, చూసుకునే మనిషి జీతం ఏటా భరించాలి. ఆ డబ్బు పెట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే అని నా గట్టి అభిప్రాయం.

ఏ దారైనా పేర్లు పోకూడదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని జనం శిల్పి పేరుతో రామప్ప అని పిలుచుకుంటున్నారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడూ ఆ పేరు నిలిచింది. మన పటాల కింద మాత్రం "తెలంగాణ జానపద చిత్రం" అని రాసి వదిలేస్తే గీసిన నకాషీ (పటాలు గీసే చిత్రకారుడు) ఎవరు, పాడిన గొంతు ఎవరిది, ఏ కులం కోసం గీశారు?

వచ్చే వారం ఆ ఊరికి మళ్లీ వెళ్తున్నాను. పెద్దాయన ముందు వీడియో మొత్తం పెట్టి, ఏది బయటికి ఇవ్వొచ్చో అడిగి, పేర్లు రాసుకుని వస్తాను. అప్పటిదాకా అది నా హార్డ్‌డిస్క్‌లోనే ఉంటుంది.