కిట్టా, వంటింటి సామానా, తెర మీది ప్రయోగమా: ఇంటి సైన్సుకు ఏది మేలు?

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాలకు సైన్సు దగ్గరికి వచ్చేసరికి మూడు దారులు కనిపిస్తాయి. పెట్టెలో సర్దిన కిట్టు కొనవచ్చు. ఇంట్లో ఉన్న సీసాలు, గిన్నెలతోనే కానిచ్చేయవచ్చు. కంప్యూటర్‌లో సిమ్యులేషన్లు, అంటే తెర మీద నడిచే నమూనా ప్రయోగాలు, నడపవచ్చు. మూడింటినీ తూచడానికి ఒకే తూకంరాయి వాడదాం: ఒక్క అంశాన్ని మార్చి, మిగతావన్నీ కదపకుండా, అదే ప్రయోగాన్ని పిల్లలు కనీసం ఐదుసార్లు చేయగలరా? ఈ ప్రశ్న వేస్తే అట్టపెట్టె మీద బొమ్మల మెరుపు చాలావరకు తగ్గిపోతుంది.

అగ్నిపర్వతం కిట్టునే తీసుకోండి. ఇలాంటి పెట్టెల్లో సాధారణంగా వంటసోడా, ఆమ్లం పొడి పొట్లాలు రెండో మూడో ఉంటాయి. పొంగింది, పిల్లలు కేరింతలు కొట్టారు, పొట్లాలు అయిపోయాయి. సోడా రెట్టింపు వేస్తే పొంగు రెట్టింపవుతుందా అని పిల్ల అడిగితే చేసి చూపడానికి సరుకు లేదు. నిజానికి సైన్సు మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.

అదే రసాయన చర్యను వంటింట్లో ఇలా చేయవచ్చు. అర లీటరు సీసాలో 50 మి.లీ. వెనిగర్ పోయండి. 5 శాతం ఆమ్లం ఉన్న మామూలు రకం చాలు. బెలూన్‌ను ముందుగా రెండుమూడుసార్లు నోటితో ఊది గాలి వదిలేయండి. ఇలా చేయకపోతే కొత్త రబ్బరు బిగుసుకుని మొదటి కొలత తక్కువ చూపిస్తుంది. పొడిగా ఉన్న గరాటుతో బెలూన్‌లోకి పావు టీస్పూన్ వంటసోడా వేయండి. తలకొట్టి కొలిస్తే అది దాదాపు 1.2 గ్రా. ఉంటుంది. బెలూన్‌ను సీసా మూతికి తొడిగి, పైకెత్తి, పొడిని లోపలికి రాల్చండి. నురగ పూర్తిగా ఆగాక బెలూన్ బాగా ఉబ్బిన చోట దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. తర్వాత సీసా కడిగి, కొత్త వెనిగర్ పోసి, రెండు పావులతో మళ్లీ చేయండి. అలా ఐదు పావుల దాకా వెళ్లాలి.

మూడో పావు వరకూ బెలూన్ పెరుగుతూ పోతుంది. నాలుగు, ఐదు పావులకు దాదాపు అక్కడే ఆగిపోతుంది. 50 మి.లీ. వెనిగర్‌లో ఉన్న ఆమ్లం సుమారు 2.5 గ్రా. దానికి సరిపోయే సోడా 3.5 గ్రా., అంటే మూడు పావులకు కాస్త తక్కువ. అంతకు మించి వేసిన సోడాకు జత దొరకదు. అది లోపలే మిగిలిపోయిందని పిల్లలు ఊరికే నమ్మనక్కర్లేదు. ఐదు పావులు వేసిన సీసా నుంచి బెలూన్ తీసేసి ఇంకొంచెం వెనిగర్ పోస్తే మళ్లీ బుసబుసా పొంగుతుంది. పై తరగతుల్లో లెక్కల రూపంలో వచ్చే పరిమిత కారకం (ముందుగా అయిపోయి చర్యను ఆపేసే పదార్థం) అన్న మాటను తొమ్మిదేళ్ల పిల్లలు దారంతో కొలిచి తెలుసుకున్నట్టే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సోడా, వెనిగర్ కలిసి పుట్టి బెలూన్‌ను ఉబ్బించే వాయువు రెట్టింపైతే చుట్టుకొలత రెట్టింపు కాదు. బెలూన్ గుండ్రంగా ఉందనుకుంటే అర లీటరుకు చుట్టుకొలత సుమారు 31 సెం.మీ., లీటరుకు సుమారు 39 సెం.మీ. ఇది ముందే చెప్పకపోతే ప్రయోగం తప్పిందని పిల్లలు డీలా పడతారు. సీసా మెడ తడిగా ఉంటే పొడి అక్కడే అంటుకుపోతుంది. వంటసోడాకు బదులు బేకింగ్ పౌడర్ వేస్తే లెక్క మొత్తం మారిపోతుంది, ఎందుకంటే అందులో ఆమ్లం, పిండి ముందే కలిసి ఉంటాయి. సోడా వేశాక సీసాకు మూత మాత్రం ఎప్పుడూ బిగించవద్దు. వాయువుకు దారి లేకపోతే సీసా పేలుతుంది.

సిమ్యులేషన్ల సంగతికి లోలకం మంచి ఉదాహరణ, ఎందుకంటే దీన్ని చేత్తోనూ చేయవచ్చు, తెర మీదా చేయవచ్చు. సాగని దారానికి ఒక నట్టు కట్టి, కదలని చోట వేలాడదీయండి. వేలాడే బిందువు నుంచి నట్టు మధ్య దాకా 25 సెం.మీ. ఉంటే పది ఊపులకు 10 సెకన్లు పడుతుంది (అటు వెళ్లి తిరిగి వదిలిన చోటికి వస్తే ఒక ఊపు). 100 సెం.మీ.కు 20 సెకన్లు. పొడవు నాలుగింతలు చేస్తే సమయం రెండింతలే అయిందన్న మాట. నట్లు రెండు కట్టినా, వాటి మధ్యభాగం అదే ఎత్తులో ఉన్నంతవరకూ సమయం మారదు. చాలామంది పిల్లలు దీన్ని అస్సలు ఊహించరు. అందుకే కొలిచే ముందే అంచనా రాయించాలి.

ఇందులో తప్పులు రెండు మూడు చోట్ల వస్తాయి. వదిలిన క్షణాన్ని ‘ఒకటి’ అని లెక్కపెడితే పదికి బదులు తొమ్మిది ఊపులే అవుతాయి. వదిలేటప్పుడు ‘సున్నా’ అనాలి. ఒక్క ఊపునే కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో జరిగే ఆలస్యమే ఫలితాన్ని మింగేస్తుంది. పది ఊపులు కొలిచి పదితో భాగిస్తే ఆ తప్పు కూడా పదో వంతుకు తగ్గుతుంది. నట్టును మరీ దూరం లాగి వదలకూడదు. 20 డిగ్రీల లోపు అయితే తేడా ఒక శాతం కూడా ఉండదు, 60 డిగ్రీలకు లాగితే 7 శాతం దాకా ఎక్కువ వస్తుంది.

తెర మీది లోలకంలో ఈ తప్పులేవీ జరగవు. దాని లోటు కూడా అదే. ఒకే పని రెండుసార్లు చేస్తే రెండు అంకెలు ఎందుకు వస్తాయో అది నేర్పదు. కానీ దారం చేయలేని పని అది చేస్తుంది. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తాయి. వాటి లోలకాన్ని చంద్రుడి మీద ఊపవచ్చు. అక్కడ గురుత్వం ఆరో వంతు కాబట్టి ఒక్కో ఊపుకు పట్టే సమయం దాదాపు 2.45 రెట్లవుతుంది. వాయువు అణువుల కదలిక, గ్రహాల కక్ష్యలు, పరమాణువు నిర్మాణం లాంటివాటికి ఇంట్లో వేరే దారి లేదు, సిమ్యులేషనే మేలు. అయితే చేత్తో చేసిన తర్వాతే తెర తెరవాలి. ముందే తెర ఇస్తే పిల్లలు కనిపించిన ప్రతి బటనూ నొక్కుతూ పోతారు, ఏది మార్చితే ఏది మారిందో గుర్తుండదు.

మరి కిట్టు ఎక్కడ గెలుస్తుంది? ఇంట్లో దొరకని భాగాలు కావాల్సిన చోట. మొదటిది కరెంటు. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు కావాలి, అందుకే ఒక్క 1.5 వోల్టు బ్యాటరీతో వెలగదు. రెండు బ్యాటరీలు వరసగా కలిపి, మధ్యలో 100 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే చిన్న భాగం) పెడితే వెలుగుతుంది. వెలగకపోతే ముందు కాళ్లు చూడండి, పొడుగు కాలు పాజిటివ్ వైపు ఉండాలి. 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే ఎల్‌ఈడీ కాలిపోతుంది. అక్కడ 470 ఓమ్‌లు పెట్టాలి. రెండోది సూక్ష్మదర్శిని. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో ప్రకటించిన కాగితం సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఉల్లిపొర కణాలకు అది చాలు. దీన్ని వందసార్లు వాడినా అయిపోయేది ఏమీ లేదు కాబట్టి మన తూకానికి బాగా నిలుస్తుంది.

కిట్టు కొనేటప్పుడు పెట్టెలో నాణెంలాంటి బటన్ బ్యాటరీలు, చిన్న నియోడిమియం అయస్కాంతాలు ఉన్నాయేమో చూడండి. మింగిన బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. రెండు అయస్కాంతాలు కడుపులోకి పోతే పేగు గోడలను మధ్యలో ఇరికించి చిల్లు పెట్టగలవు. ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఇవి ఉన్న పెట్టె కొనకపోవడమే మంచిది.

అన్నీ చూశాక మా తీర్పు ఇది: ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు వంటింటి సామానే ముందు వరస. పదేళ్లు దాటాక చేత్తో కొలిచిన అంశానికే సిమ్యులేషన్ జోడించాలి. కిట్టుకు పెట్టే డబ్బుతో విడిభాగాలు కొనడం ఇంకా మేలు: ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, బ్యాటరీ పెట్టె, మొసలి క్లిప్పుల తీగలు, ఒక భూతద్దం, 0.1 గ్రా. దాకా చూపే చిన్న డిజిటల్ తూకం. వీటన్నిటిలో ఒక్కటే కొనగలిగితే తూకం కొనండి. సోడాను చెంచాలో నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా నింపితే ఇంకో బరువు వస్తుంది. బెలూన్ ప్రయోగంలో మూడో కొలతకూ నాలుగో కొలతకూ మధ్య వచ్చే గందరగోళంలో ఎక్కువ భాగం ఈ చెంచాదే.