ప్రాజెక్టు వర్క్‌కి తెలుగు వికీపీడియా: ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు

డిగ్రీ, పీజీ ప్రాజెక్టుకు ఊరి వివరాలు వెతికితే చాలాసార్లు ముందు తగిలేది తెలుగు వికీపీడియానే. 2003 డిసెంబరులో మొదలైన ఈ సైటులో ఉన్నన్ని ఊళ్ల పేజీలు తెలుగులో ఇంకోచోట దొరకడం కష్టం. కానీ పేజీ మొత్తాన్నీ ఒకే తీరుగా నమ్మితే దెబ్బతింటారు.

అంకెల భాగం గట్టిది. జనాభా, ఇళ్లు, విస్తీర్ణం చాలా పేజీల్లో 2011 జనగణన నుంచి ఎక్కించినవే. వాటిని ‘ప్రస్తుత జనాభా’ అని రాసుకోవడమే విద్యార్థులు చేసే తప్పు. సరిచూసుకోవడంలో ఇంకో చిక్కుంది. ఆ జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నవి 23 జిల్లాలే. వాజేడు మండలంలోని ఊరిని అప్పటి పట్టికల్లో ములుగు జిల్లా కింద వెతికితే దొరకదు. ఆ మండలం 2011లో ఖమ్మంలో ఉంది, 2016లో జయశంకర్ భూపాలపల్లికి వెళ్లింది, 2019లో ములుగులోకి వచ్చింది. కాబట్టి తెరవాల్సింది 2011 నాటి ఖమ్మం జిల్లా జనగణన హ్యాండ్‌బుక్. అది జనగణన శాఖ సైటులో పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతుంది.

‘చరిత్ర’ భాగమే బలహీనం. ఊరికి పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు అన్నచోట స్థలపురాణమూ చరిత్రా కలిసిపోతుంటాయి. వాక్యం చివర చిన్న అంకె లేకపోతే ఆ సంగతి వాడకండి. ఉంటే నొక్కి, మూలం తెరిచి, అదే విషయం అక్కడ ఉందో లేదో చదవండి. అంకె ఉన్నంత మాత్రాన ఆధారం ఉన్నట్టు కాదు. లింకు పనిచేయకపోతే ఆ అడ్రసును వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో పెట్టి చూడండి, పాత ప్రతి దొరకొచ్చు. ‘ఒక శాసనం ప్రకారం’ అని ఉంటే సరిపోదు, అది ఏ సంపుటంలో ఎన్నో నంబరు శాసనమో ఉండాలి.

మూలం పత్రికా వార్త అయితే మరింత జాగ్రత్త. వికీపీడియాలో ‘పేజీ చరిత్ర’ (ఆ పేజీలో జరిగిన మార్పుల జాబితా) తెరిచి ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూడండి. వాక్యం 2015లో చేరి, వార్త 2018లో వచ్చిందనుకోండి, విలేకరి వికీపీడియా చూసే రాసి ఉండొచ్చు. అప్పుడు మీ చేతిలో రెండు ఆధారాలున్నట్టు కనిపించినా ఉన్నది ఒక్కటే. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

సైన్సు, వైద్యం పేజీల్లో ఇంగ్లీషు నుంచి అనువదించినవి చాలా ఉన్నాయి. ఇంగ్లీషు పేజీని తర్వాత సరిదిద్దినా తెలుగుది అలాగే ఉండిపోవచ్చు, అందుకే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

రిపోర్టులో మాత్రం వికీపీడియాను కాదు, అది చూపించిన అసలు మూలాన్ని మీరు చదివాకే పేర్కొనండి. వికీ పేజీనే చూపించక తప్పనప్పుడు మామూలు అడ్రసు బదులు శాశ్వత లింకు ఇవ్వండి. పేజీని ఎవరు ఎప్పుడు మార్చినా గైడుకు మీరు చదివిన పాఠమే కనిపిస్తుంది.