ట్యూబులో గర్భం: ఇంజెక్షనా, ఆపరేషనా?

గర్భసంచి బయట నిలిచే గర్భాల్లో 90 శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే (అండాన్ని గర్భసంచికి చేర్చే నాళంలోనే) ఉంటాయి. ట్యూబు పగిలి కడుపులో రక్తస్రావమైతే ఎంచుకునే ప్రసక్తే లేదు, వెంటనే ఆపరేషన్ చేయాలి. ముందే గుర్తిస్తేనే రెండు దారులు.

మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ కణాల విభజనను ఆపుతుంది, కోత లేకుండా ట్యూబు మిగులుతుంది. రక్తంలో హెచ్‌సీజీ (గర్భం వస్తే పెరిగే హార్మోన్) సాధారణంగా 5,000 యూనిట్ల లోపు ఉండి, పిండానికి గుండె చప్పుడు లేనప్పుడే ఇది బాగా పనిచేస్తుంది. అయితే సూది వేయించుకోవడంతో అయిపోదు. 4వ, 7వ రోజుల మధ్య హెచ్‌సీజీ కనీసం 15 శాతం తగ్గాలి. ఆ తర్వాత అది పూర్తిగా పోయేదాకా వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. ఈలోగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానాలి. మళ్లీ గర్భానికి కనీసం 3 నెలలు ఆగాలి. చికిత్స మధ్యలోనూ ట్యూబు పగలవచ్చు. అందుకే, రాత్రివేళ ఆసుపత్రికి చేరే వీలులేని ఊళ్లలో ఉండే స్త్రీలకు ఈ దారి సరిపడదని నా గట్టి అభిప్రాయం.

లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) సమస్య త్వరగా తీరుతుంది, కానీ మత్తు ఇవ్వాలి, ఎక్కువగా ఆ ట్యూబును తీసేస్తారు. ఇక పిల్లలు పుట్టరేమోనని చాలామంది కుమిలిపోతారు. రెండో ట్యూబు ఆరోగ్యంగా ఉంటే సహజంగానే గర్భం రావచ్చు, దయచేసి ఈ మాట ఇంట్లో పెద్దలకూ చెప్పండి. ఏ చికిత్స తీసుకున్నా, తర్వాతి గర్భంలో తొలి వారాల్లోనే స్కాన్ తప్పనిసరి.