పదమూడు గెలుపులు, రెండు దారులు: కె.ఎం. మాణి, కరుణానిధి

శాసనసభకు 13 సార్లు ఎన్నికై, ఒక్కసారీ ఓడని నాయకులుగా కేరళలో కె.ఎం. మాణి, తమిళనాడులో ఎం. కరుణానిధి కనిపిస్తారు. మాణి 1965లో పాలా నియోజకవర్గం ఏర్పడినప్పుడు అక్కడ గెలిచి (ఆ సభ అసలు సమావేశమే కాలేదు), 2019లో మరణించేదాకా మరో స్థానం వైపు చూడలేదు. కరుణానిధి మాత్రం 1957లో కుళిత్తలైతో మొదలుపెట్టి తంజావూరు, సైదాపేట, అన్నానగర్, హార్బర్, చేపాక్‌ల మీదుగా చివరికి తాను చదువుకున్న తిరువారూరు చేరారు.

స్థానం మార్చడం సులువైన దారి అనుకోవడం పొరపాటు. రాజీవ్ గాంధీ హత్య తర్వాత కరుణానిధి పార్టీ డీఎంకేపై ఆగ్రహం వెల్లువెత్తిన 1991లో ఆయన హార్బర్‌లో కేవలం 890 ఓట్ల తేడాతో గట్టెక్కి, ఆ పదవికీ రాజీనామా చేశారు. మాణికి అలాంటి పరీక్ష ఆలస్యంగా వచ్చింది: బార్ల లైసెన్సుల లంచం ఆరోపణలతో 2015లో ఆర్థిక మంత్రి పదవి వదులుకున్నా, మరుసటి ఏడాది పాలా ఆయన్నే ఎన్నుకుంది, ఆధిక్యం మాత్రం అయిదు వేలలోపే.

మాణి పార్టీ కేరళ కాంగ్రెస్ ఎన్ని చీలికలైనా చెదరని ఆ పాలా బంధం నా దృష్టిలో ఎక్కువ అరుదైనది, కానీ అది వ్యక్తిగతమైనది. 2019 ఉపఎన్నికలో, మాణి చేతిలో అంతకుముందు పలుమార్లు ఓడిన మాణి సి. కాప్పన్ పాలాను గెలుచుకున్నారు. అదే ఏడాది తిరువారూరు డీఎంకే చేతిలోనే నిలిచింది.