కుక్కకి ట్యూమర్ ఆపరేషన్: చేయించడం మేలా, ఆగడం మేలా?

కుక్కని నిమురుతుంటే చేతికి గడ్డ తగిలిన రోజు ఎవరికీ నిద్ర పట్టదు. వెంటనే తీయించేద్దామని ఒకరు, ఈ వయసులో దానికి కోతలెందుకని ఇంకొకరు, ఇంట్లో వాదన మొదలవుతుంది. నేను రెండు వైపులా నిలబడి చూశాను. అది ఏ గడ్డో తెలియకముందే ఈ వాదన పెట్టుకోకండి.

మా రాణికి తొమ్మిదో ఏట ఛాతీ పక్కన నిమ్మకాయంత గడ్డ వచ్చింది. మెత్తగా ఉండి, వేలితో నొక్కితే పక్కకి జారేది. డాక్టర్ సన్నటి సూదితో కొంచెం లాగి గాజు స్లైడ్ మీద పరిస్తే నూనె చుక్కల్లా మెరిసింది, ఎంతసేపటికీ ఆరలేదు. మైక్రోస్కోప్‌లో చూసి లైపోమా, అంటే ఉత్త కొవ్వు గడ్డ అని చెప్పారు. ఆపరేషన్ వద్దనుకున్నాం. రెండేళ్లయింది, నెలకోసారి టేపుతో కొలుస్తున్నాను, పెరగలేదు. అదే చంకలో ఉండి నడకకి అడ్డం పడుతుంటే మాత్రం తీయించేవాళ్లం.

అంతకుముందున్న కుక్క విషయంలో ఆగడమే మా కొంప ముంచింది. వెనక కాలి మీద బఠాణీ గింజంత ఎర్రటి బుడిపె ఒకరోజు ఉబ్బేది, రెండ్రోజుల్లో తగ్గేది. తగ్గుతోంది కదా, ఏ పురుగో కుట్టి ఉంటుందిలే అనుకున్నాం. అది మాస్ట్ సెల్ ట్యూమర్, అంటే చర్మంలో వచ్చే ఒక రకం క్యాన్సర్. దాని కణాల్లోంచి హిస్టమిన్ అనే వాపు తెచ్చే రసాయనం విడుదలైనప్పుడల్లా అలా ఉబ్బుతుందట. ఈ రకాన్ని తీసేటప్పుడు చుట్టూ దాదాపు 2 సెంటీమీటర్ల మంచి చర్మం కూడా కోయాల్సి వస్తుంది, కాలి కింది భాగంలో అంత చర్మం ఎక్కడుంటుంది? మేం వెళ్లేసరికి లింఫ్ గ్రంథికి పాకింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. చర్మం కింద పెరిగే మాస్ట్ సెల్ గడ్డ ఒక్కోసారి అచ్చం కొవ్వు గడ్డలాగే తగులుతుంది, అందుకే చేత్తో నొక్కి ఏమీ కాదన్న మాటని నేనిక నమ్మను. 1 సెంటీమీటరు దాటినా, నెల రోజులైనా పోకపోయినా సూది టెస్టు చేయించాల్సిందే. దాంతో తేలకపోతే బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం.

చెడ్డదని తేలి, ఇంకా పాకకపోతే నా ఓటు ఆపరేషన్‌కే, అదీ త్వరగా. మొదటి ఆపరేషన్‌లో పూర్తిగా తీసే అవకాశం ఎక్కువ, మళ్లీ వచ్చాక అదే చోట కోయడం కష్టం. ఆడకుక్కల రొమ్ము గడ్డల్లో దాదాపు సగం చెడ్డవే, 3 సెంటీమీటర్ల లోపు ఉండగానే తీయించిన వాటికి ఫలితం బాగుంటుంది. మత్తు గురించి అందరికీ టెన్షనే, కానీ వయసు ఒక్కటే కారణంగా ఆపక్కర్లేదు. గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి. రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ముందే చేయించండి. తీసిన గడ్డని ల్యాబ్‌కి పంపించడం మానొద్దు, అంచుల్లో కణాలు మిగిలాయో లేదో ఆ రిపోర్టే చెబుతుంది. తర్వాత 10 నుంచి 14 రోజులు మెడకి కోన్ ఉంచాలి, కుట్లు నాకకుండా, గెంతకుండా ఒక మనిషి ఇంట్లోనే ఉండాలి.

ప్లీహంలో వచ్చే హెమాంజియోసార్కోమా, అంటే రక్తనాళాల కణాల్లో పుట్టే క్యాన్సర్, దాని లెక్క వేరు. ఆపరేషన్ రక్తస్రావాన్ని ఆపుతుంది కానీ దాంతోనే వదిలేస్తే ఎక్కువ శాతం కుక్కలకి దొరికేది 1 నుంచి 3 నెలలు, కీమో కలిపితే ఇంకొంచెం. ఇలాంటప్పుడు కోత వద్దనుకుని, నొప్పి తెలియకుండా చూసుకుంటూ దగ్గర పెట్టుకోవడం దాన్ని వదిలేయడం కాదు. మన పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ మాత్రం సొంతంగా వేయకండి, ప్రమాదం. జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకుని జననాంగాల దగ్గర వచ్చే టీవీటీ అనే గడ్డ అయితే చాలాసార్లు వారానికో విన్‌క్రిస్టిన్ (కీమో మందు) ఇంజెక్షన్‌తోనే కరిగిపోతుంది, కత్తి అక్కర్లేదు.

పోయిన వారం రాణికి పొట్ట దగ్గర చిన్నది ఇంకోటి తగిలింది. ఈసారి నెల ఆగలేదు, మర్నాడే సూది టెస్టుకి తీసుకెళ్లాను. రిపోర్టు ఇంకా రావాలి.