కర్నూలు ఎండల్లో ఇద్దరు పిల్లలతో రేకు కూలర్: ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా పాప నడక నేర్చుకునే ఏడాది కొన్నాం దీన్ని. ఇప్పుడా పిల్ల ఒకటో తరగతి పూర్తి చేసింది, దానికి ఒక తమ్ముడు కూడా వచ్చాడు, కూలర్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. కంపెనీ ఏదని అడగొద్దు, దీనికి కంపెనీ లేదు. వెల్డింగ్ షాపులో రేకు వంచి, 18 అంగుళాల ఫ్యాన్ బిగించి, మూడు వైపులా గడ్డి పెట్టి ఇచ్చే లోకల్ రకం. అప్పట్లో ఏడు వేల చిల్లర అయింది, ఇనుప స్టాండుకు వేరే. పదికి ఎన్ని మార్కులంటే ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది వేస్తా, జూన్‌లో వానలు మొదలయ్యాక మూడు. ఆ తేడా ఎందుకో అర్థమైతే కొనాలో వద్దో మీకే తెలిసిపోతుంది.

మన ఎండ పొడి ఎండ. ఉతికిన బట్ట మిద్దె మీద ఆరేసి కిందికి దిగేలోపు ఎండిపోతుంది, అంత పొడి. కూలర్‌కు కావాల్సింది సరిగ్గా అదే. గడ్డి మీద జారే నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తాయి, కుండలో నీళ్లు చల్లబడినట్టే. గాలిలో తేమ తక్కువుంటే ఆ పని బ్రహ్మాండంగా జరుగుతుంది. బయట 42 ఉన్న మధ్యాహ్నం మా గోడ గడియారంలోని థర్మామీటర్ గదిలో 31, 32 చూపిస్తుంది. మా వదిన వాళ్లు విశాఖలో ఉంటారు, కూలర్ అంటేనే నవ్వుతుంది, "దాంతో ఇంకా జిగటగా ఉంటుంది కదే" అంటుంది. అక్కడికి ఆమె మాట నిజమే, సముద్రం గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, ఇక నీళ్లు ఎక్కడ ఆవిరవుతాయి.

పెట్టే చోటు మీదే సగం ఆధారపడి ఉంటుంది. చాలా ఇళ్లలో చూస్తుంటా, కూలర్‌ను గది మధ్యలో పెట్టి, చల్లదనం బయటికి పోతుందని కిటికీలు, తలుపులు అన్నీ బిగిస్తారు. అది ఏసీకి చేసే పని. కూలర్‌ను అలా మూసిన గదిలో నడిపితే అదే తడి గాలి మళ్లీ మళ్లీ లోపలికి లాక్కుంటుంది, గంట తిరిగేసరికి ఉక్క మొదలవుతుంది, పిల్లలు చెమటకాయలు గోక్కుంటూ లేస్తారు. మాది కిటికీ బయట స్టాండు మీద ఉంటుంది, బయటి పొడి గాలి లాగి లోపలికి కొడుతుంది, ఎదురుగా ఉన్న కిటికీ బెత్తెడు తెరిచి పెడతాం. బయట ఉండడం వల్ల ఇంకో లాభం, మా చిన్నోడి చేయి తొట్టికి అందదు. కూలర్ మీద నేరుగా ఎండ పడకుండా పైన కొబ్బరి మట్టల పందిరి లాంటిది ఉంటే ఇంకా మంచిది, మేం గ్రీన్ నెట్ కట్టాం.

ఐస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వచ్చిన చుట్టమల్లా "తొట్టిలో నాలుగు ఐస్ గడ్డలు వెయ్యమ్మా" అని సలహా ఇచ్చి పోతాడు. కిలో ఐస్ కరిగేటప్పుడు లాగే వేడి కంటే లీటరు నీళ్లు ఆవిరయ్యేటప్పుడు లాగే వేడి దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. అంటే చల్లదనమంతా ఆవిరిలో ఉంది, ఐస్‌లో కాదు. ఆ ఐస్ ఏదో పిల్లలకు నన్నారి షర్బత్‌లో వేస్తే పుణ్యం.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు, ఏప్రిల్ ఆఖరుకు సెలవులు. ఆ తర్వాత మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా ఇంట్లో ఉన్న పిల్లలంతా ఆ ఒక్క గదిలోనే. ఆదోని నుంచి ఆడపడుచు పిల్లలు కూడా వచ్చేస్తారు. నాపరాయి బండలు తుడిచి, చాప కూడా వేయకుండా పడేస్తే బోర్లా పడుకుని బారాకట్ట ఆడుకుంటారు, ముంజలు తింటారు, కొట్టుకుంటారు. కొట్లాటకు మొదటి కారణం కూలర్ ముందు చోటు. "జేజీ, వీడు నా గాలంతా తినేస్తున్నాడు" అని మా పాప ఫిర్యాదు, మా అత్త తీర్పు ఎప్పుడూ మనవడి వైపే. రేకు కూలర్‌కు పెద్ద ఫ్యాన్ కాబట్టి గాలి గది చివర దాకా కొడుతుంది, నలుగురైదుగురు పిల్లలకు సరిపోతుంది. మా తమ్ముడి ఇంట్లో పేరున్న కంపెనీ చిన్న ప్లాస్టిక్ కూలర్ ఉంది, చూడడానికి ముద్దుగా ఉంటుంది, రిమోట్ కూడా ఉంది, కానీ ఎదురుగా కూర్చున్న ఒక్కరికే గాలి. పిల్లలున్న ఇంటికి అది పనికి రాదు, కొట్లాట ఇంకా పెరుగుతుంది.

నిద్రపోయే పసిపిల్లల మీద గాలి నేరుగా కొట్టకుండా రెక్కలు పైకి తిప్పి పెట్టండి. తెల్లవారుజామున మూడు దాటాక బయట కూడా కాస్త చల్లబడుతుంది, మేం అప్పుడు లేచి నీళ్ల పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్ ఉంచుతాం. లేదంటే పొద్దున్నే చిన్నోడికి ముక్కు కారుతుంది. చప్పుడు మాత్రం భరించాల్సిందే, చిన్నసైజు పిండిమర ఇంట్లో ఉన్నట్టే. విచిత్రమేమంటే పిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోతారు, కరెంటు పోయి అది ఆగితే లేస్తారు.

ఇక అసలు కష్టం నీళ్లు. మాది అరవై లీటర్ల తొట్టి, రాత్రి పదికి నింపితే తెల్లారేసరికి అడుగు కనిపిస్తుంది, పగలు ఇంకా ఎక్కువ తాగుతుంది. మా ఊరికి నీళ్లిచ్చే సుంకేసుల బ్యారేజీలో నీళ్లు తగ్గిన ఏడాది మా వీధిలో కొళాయి రావడమే గగనం, అప్పుడు మంచినీళ్లు కూలర్‌కు పోయాలంటే మనసు రాదు. బోరు నీళ్లు పోస్తే ఉప్పు. పది పదిహేను రోజుల్లో గడ్డి మీద తెల్లగా సున్నం కొట్టినట్టు పేరుకుంటుంది, పైన నీళ్లు పంచే పైపు చిల్లులు మూసుకుపోతాయి, గడ్డి సగం తడిసి సగం ఎండి ఉంటుంది, ఎండిన వైపు నుంచి వచ్చేది వేడిగాలే. కూలర్ పాతబడింది, చల్లగా రావడం లేదని చాలామంది అనేది దీనికే. పిన్నీసుతో చిల్లులు పొడిచి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో పంపు కడిగితే మళ్లీ మామూలవుతుంది. గడ్డి ఏటా మార్చాలి, మూడు వైపులకూ కలిపి మూడొందల లోపే. కొత్త గడ్డి వాసన రెండ్రోజులు ఉంటుంది, బాగానే ఉంటుంది. తేనెతుట్టెలా ఉండే అట్ట ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయంటారు, నిజమే, కానీ మన బోరు నీళ్లకు అవీ గట్టిపడి రాయి అవుతాయి, ఆ ఖరీదుకు నాకైతే గడ్డే నయం.

దోమల సంగతి పిల్లలున్నవాళ్లు అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. డెంగీ దోమకు కూలర్ తొట్టి కంటే సుఖమైన చోటు లేదు. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు, అందుకే శుక్రవారం డ్రై డే అని ఆరోగ్యశాఖ వాళ్లు చెప్పి పోతుంటారు. నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు తొట్టి గోడలకు నీటి అంచున అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పురుగులవుతాయి. కాబట్టి పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. మా ఇంట్లో ఈ పని మా ఆయనది, శుక్రవారం పొద్దున గొణుక్కుంటూనే చేస్తాడు. సీజన్ అయిపోయాక మూలన పడేసేటప్పుడు కూడా రుద్ది, ఆరబెట్టి, బోర్లించాలి.

షాక్ గురించి. ఒళ్లంతా రేకు, లోపల నీళ్లు, పక్కనే కరెంటు. కొన్నప్పుడు వచ్చిన ప్లగ్గుకు రెండే పిన్నులు! షాపతను "ఏం కాదులేక్కా" అన్నాడు. ఏం కాకపోవడానికి అది బొమ్మ కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి, బాడీకి ఎర్త్ వైరు వేయించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చి) పెట్టించాం. దీనికి అయిన ఖర్చు కూలర్ ధరలో నాలుగో వంతు దాకా ఉంటుంది, కానీ ఇది లేకుండా పిల్లలున్న ఇంట్లో రేకు కూలర్ పెట్టొద్దు, నేను ఈ ఒక్క విషయంలో మొండిగానే చెప్తా. ప్లగ్గు పీకాకే నీళ్లు పోయడం, పిల్లలు ముట్టుకోకపోవడం మా ఇంటి కట్టుబాటు. ముందు జాలీ సందులు వేలు దూరేంత ఉంటే సన్న జాలీ ఇంకొకటి కట్టించుకోండి.

కరెంటు బిల్లు చూస్తే మాత్రం దీని మీద ప్రేమ పుడుతుంది. ఫ్యాన్, పంపు కలిపి 200 వాట్లు అనుకున్నా రోజుకు పది గంటలకు రెండు యూనిట్లు, నెలకు అరవై. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రంతా వేస్తే రోజుకు ఎనిమిది, తొమ్మిది యూనిట్లు లాగేస్తుంది, నెలకు 250 దాకా. మన శ్లాబుల్లో 225 దాటిన యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు, మిగతా ఇల్లంతా కలిపితే ఎక్కడికి పోతుందో చూసుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కూలర్ నడుస్తుంది, మామూలు ఇంటి ఇన్వర్టర్ ఏసీని మోయలేదు.

రిపేర్లు పెద్దగా ఏం లేవు. కండెన్సర్ పోతే మార్చాం, పంపు రెండేళ్లకోసారి పోతుంది, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ఎదురుచూసే టెన్షన్ లేదు. తొట్టి అడుగు తుప్పు పట్టి కారింది, ఎమ్‌సీల్ అంటించి లోపల తారు పూయించాం, ఆగింది.

రోహిణి కార్తె దాటి రెండు వానలు పడితే దీని కథ మారిపోతుంది. దుప్పట్లు చెమ్మగా, అప్పడాలు మెత్తగా, పిల్లల ఒళ్లు జిడ్డుగా. అప్పుడు పంపు ఆపేసి ఫ్యాన్‌లా వాడుకోవడమే, అప్పటికీ ఉక్కపోస్తే ఏసీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కిటికీ లేని గది, అపార్ట్‌మెంట్ మధ్య ఫ్లాటు, నీళ్లు కొనుక్కునే ఇల్లు, ఈ మూడిట్లో ఏదున్నా రేకు కూలర్ వద్దు. ఇవేం లేకపోతే ఫిబ్రవరిలోనే చేయించుకోండి, రేకు మందం చేత్తో నొక్కి చూసి, తారు ముందే పూయించి. ఏప్రిల్‌లో పోతే పల్చటి రేకుకే వెయ్యి ఎక్కువ అడుగుతారు, పైగా రేపు రా అంటారు.