పాత గడీని దాచుకోవాలా, వాడుకోవాలా?

ఊళ్లో గడీ, అంటే ఒకప్పటి దొర కోటలాంటి మేడ, కూలిపోతోందంటే "కూలనీ" అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పు పట్టలేం. దొర ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడింది, వెట్టి చేసింది వాళ్ల అమ్మానాన్నలే. 1946 జులై 4న కడవెండిలో దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విసునూరు దొర దేశ్‌ముఖ్ మనుషులే. కానీ గడీ లేకుండా ఆ కథ మనవడికి చెబితే వాడికి అది పుస్తకంలో పాఠమే అవుతుంది. అందుకే నేను ఉంచాలనే వైపు.

ఉంచడానికి దోమకొండది ఒక దారి. కామారెడ్డి జిల్లాలోని ఆ గడికోటను వారసులే పూనుకుని ఏళ్ల తరబడి బాగు చేయించారు. 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి గుర్తింపు వచ్చింది. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే అంత స్తోమత ఎంతమందికి ఉంటుంది? మామూలు గడీకి వాటాదారులు అయిదుగురు: ఒకరు అమెరికాలో, ఒకరు హైదరాబాద్‌లో, మిగతావాళ్లు కోర్టులో.

వనపర్తిది రెండో దారి. సంస్థానం ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు. మనుషులు మసిలే చోట గబ్బిలాలు చేరవు, కప్పు కారితే ఆ పూటే తెలుస్తుంది. పైగా ఒకప్పుడు ఊరివాళ్లు తలెత్తి చూడని మేడ మెట్లు వాళ్ల పిల్లలే ఎక్కుతారు. నా ఓటు దీనికే.

ఒక్క భయం, సిమెంటు. ఆఫీసుగా మార్చిన ఒక గడీలో పాత సున్నం గోడలకు సిమెంటు పూత వేయడం చూశాను. రెండు వానాకాలాలకే పూత పలకలుగా ఊడింది. వెనక ఇటుక టీలో ముంచిన బిస్కెట్‌లా ఉంది, వేలితో గీకితే రాలింది. వానకు తాగిన నీటిని గోడ ఎండలో వదిలేయాలి. సున్నం వదలనిస్తుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో గానుగ పట్టి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపే పనివాళ్లు దొరకడం కష్టం. దొరికినా నెలలు పడుతుంది. కాంట్రాక్టర్‌కు అంత ఓపికా ఉండదు, బిల్లులో అందుకు పద్దూ ఉండదు.

దాచుకున్నా, వాడుకున్నా వానలకు ముందు ఒక పని మాత్రం ఆగదు. పిట్టగోడ మీద మొలిచిన రావి మొక్కను ఇప్పుడే పీకించండి. వేరు బొటనవేలంత లావయ్యాక లాగితే రాయి కూడా చేతికొస్తుంది.